పదో మాట ఆరోన్‌ది

"పిడికిలి బిగించండి. మరీ అంత కాదు, నన్ను కొట్టబోతున్నట్టుంది."

ఆరోన్ పిడికిలి కాస్త వదులు చేశాడు. కళ్లు మాత్రం తెరవలేదు. పది అంతస్తుల అపార్ట్‌మెంట్ల పైన, లిఫ్టు తాళ్ల మధ్య దూరి పనిచేసే మనిషి అతను. కంపెనీ ఐడీ కార్డు మీద బ్లడ్ గ్రూప్ వేయాలన్నారని, కంకిపాడులో ఒక కళ్యాణమండపానికి లిఫ్టు బిగించడానికి వచ్చినవాడు పక్కనే ఉన్న లాబ్‌లోకి అడుగుపెట్టాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"ఇంకా సూదే తియ్యలేదండీ."

ఆ తర్వాత అతనికి గుర్తున్నది స్పిరిట్ వాసన ఒక్కటే. కళ్లు తెరిచేసరికి బల్ల మీద పడుకుని ఉన్నాడు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి అతని అప్లికేషన్ ఫారంతోనే అతనికి విసురుతోంది.

"తీసేశాను. రెండు మిల్లీలీటర్లు. మీకు తెలియలేదు కూడా," అంది. "పేరు గుర్తుందా?"

"ఆరోన్."

"బాగుంది. తండ్రి పేరు?"

"మనష్షే. లేరు."

రాస్తున్న పెన్ను ఆగింది. "మనష్షే గారిది ఏ ఊరు?"

"ఉండేది పటమటలో. అంతకుముందు ఇటే ఏదో పల్లెటూరనేవారు. గట్టుపాలెమో ఏదో."

ఆ అమ్మాయి స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. పెద్ద కళ్లు. వాటిలో హఠాత్తుగా చాలా ఆసక్తి.

"ఏమనుకోకండి. శనివారాలు మీరేం చేస్తుంటారు?"

ఇరవై ఏడేళ్ల జీవితంలో ఏ అమ్మాయీ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఆరోన్ లేచి కూర్చుని జుట్టు సర్దుకున్నాడు. "డ్యూటీ ఉంటుంది. కానీ మార్చుకోవచ్చు."

"శుక్రవారం సాయంత్రమే రావాలి. రాత్రికి అక్కడే ఉండిపోవాలి."

అతని చెవులు వేడెక్కాయి. "ఎక్కడండీ?"

"మా నాన్న దగ్గర," అంది ఆమె. "మాకు మగవాళ్లు తొమ్మిదిమందే ఉన్నారు. పదోవాడు కావాలి."

"దేనికి? వాలీబాల్‌కా?"

ఆమె పకపకా నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించుకుని నెమ్మదిగా చెప్పింది. పేరు యెమీమా. వాళ్లది గట్టుపాలెం, కాలవ పక్కన పదిహేను ఇళ్ల యూదుల సమాజం. చిన్న మందిరం ఉంది. ఆమె తాతయ్య యోవేలు గారు పోయి నెల అవుతోంది. పోయినవాళ్ల కోసం కొడుకు పదకొండు నెలలు చెప్పే ప్రార్థన ఒకటుంది, కద్దీష్ అంటారు. పదిమంది మగవాళ్లు కూడితేనే అది చెప్పాలి. వయసు కుర్రాళ్లంతా ఉద్యోగాలకు వెళ్లిపోయారు. ఆమె నాన్న ప్రతి శుక్రవారం వచ్చినవాళ్లను చూసుకుని, నోరు మూసుకుని కూర్చుంటున్నారు.

"మా నానమ్మకి మీ నాన్నగారు బాగా తెలుసు," అంది చివర్లో.

ఆరోన్‌కి అయిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఇంట్లో ఒక్క ఫోటో ఉంది, అదీ సగం చెమ్మ తిన్నది. నాన్న వాళ్లది వేరే ప్రార్థన అని అమ్మ ఎప్పుడో ఒకసారి చెప్పింది. అంతకుమించి అతనికేం తెలీదు.

"శుక్రవారం ఎన్నింటికి?" అన్నాడు.

* * *

మందిరం అంటే లేతనీలం సున్నం వేసిన పెద్ద గది. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, మధ్యలో రెండు పాత చీరలు కలిపి కుట్టిన తెర. ఒకటే ఫ్యాను.

యెమీమా తండ్రి ఇశ్రాయేలు మాస్టారు హైస్కూల్లో తెలుగు చెబుతారు. మందిరంలో ప్రార్థన నడిపించేదీ ఆయనే. ఆరోన్‌ను పైకీ కిందికీ చూశారు.

"మనష్షే నుదురే," అన్నారు. "మీ అమ్మగారూ మనవాళ్లేనా బాబూ?"

ఆ ప్రశ్న ఆరోన్ చిన్నప్పట్నుంచీ విన్నదే. అద్దె ఇల్లు వెతికినప్పుడు, పెళ్లి భోజనాల్లో పక్కవాళ్లు అడిగినప్పుడు. దానికి జవాబు కూడా అలవాటే.

"మనవాళ్లేనండి," అన్నాడు.

మాస్టారు తృప్తిగా తల ఊపి, అతని చేతిలో ఒక గుండ్రటి టోపీ పెట్టారు. అది అతని తల మీద నిలవనంటూ రెండుసార్లు జారింది. తెర అవతల నుంచి ఒక చెయ్యి వచ్చింది. ఆ చేతిలో జడపిన్ను ఉంది.

"పెట్టుకోండి," అంది యెమీమా గొంతు. "తాతయ్యా అలాగే పెట్టుకునేవాడు."

సూర్యుడు అరటితోటల వెనక్కి దిగుతుండగా ఆమె గుమ్మం దగ్గర రెండు దీపాలు వెలిగించింది. తలమీద చున్నీ కప్పుకుని, చేతుల్తో వెలుగును మూడుసార్లు తనవైపు లాక్కుంటున్నట్టు తిప్పి, అరచేతుల్తో కళ్లు మూసుకుంది. ఆమె కళ్లు మూసుకుని ఉన్నంతసేపూ ధైర్యంగా చూడొచ్చని ఆరోన్‌కు అర్థమైంది. చూశాడు.

అక్కడ మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. పది మాటలున్న వాక్యం ఒకటి ఉంది. మాస్టారు ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క మాట అంటూ వెళ్లారు. పదో మాట ఆరోన్ ముందు ఆగింది. 

ఆ సాయంత్రం మాస్టారు తండ్రి కోసం కద్దీష్ చెప్పారు. ఆరోన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ ఆమెన్ అన్నప్పుడు తనూ అన్నాడు. తెర వెనక ఎవరో ముసలావిడ ముక్కు చీదింది.

సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది.

"సారీ అండి, సారీ అండి," అంటూ తడుముకున్నాడు. కంపెనీ నుంచి. విజయవాడ లబ్బీపేటలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఉబ్బసం ఉన్న ఆవిడ. ఆ రోజు డ్యూటీలో ఉన్న లక్ష్మీకాంత్ ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు.

 శుక్రవారం పొద్దుగూకినప్పట్నుంచి షబ్బాత్, విశ్రాంతి దినం, అది మొదలయ్యాక ఫోను ముట్టుకోరని యెమీమా ముందే చెప్పింది. ఆరోన్ తలవంచుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?" అన్నారు మాస్టారు. "ప్రాణం ముందు. బండి తీసుకుని వెళ్లు."

మర్నాడు పొద్దున ప్రార్థన మొదలయ్యే వేళకు అతను మళ్లీ గుమ్మంలో ఉన్నాడు. యెమీమా చెప్పులు విడుస్తూ అతన్నీ, చెట్టు కింద ఉన్న బైకునూ చూసింది.

"ఆవిడ బాగానే ఉందా?"

"ఉంది. బయటికి రాగానే నన్నే తిట్టింది."

"శనివారం బండి ఎక్కకూడదు."

"విజయవాడ నుంచి నడిచి వస్తే ప్రార్థన అయిపోయేదండీ."

ఆమె పెదవి బిగించి నవ్వాపుకుంది. "నాన్న చూడలేదు. చూసినా చూడలేదనే అంటాడు."

* * *

లక్ష్మీకాంత్‌తో ఒప్పందం కుదిరింది. అతను శుక్ర, శనివారాలు చూసుకుంటాడు, ఆరోన్ ఆదివారాలు చేస్తాడు. వారం తర్వాత వారం, శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆరోన్ బండి బందరు రోడ్డెక్కేది.

యోవేలు తాతయ్య హీబ్రూ ప్రార్థనలూ, మరికొన్ని సంగతులూ తెలుగు అక్షరాల్లో రాసిపెట్టిన పొడుగు నోటు పుస్తకాలు ఆరు ఉన్నాయి. శనివారం భోజనాలయ్యాక యెమీమా నానమ్మ సంపూర్ణమ్మ అరుగు మీద కునుకు తీస్తుంటే, ఆ పక్కనే యెమీమా అతని చేత చదివించేది. తల్లి లేని యెమీమాను పెంచింది సంపూర్ణమ్మే. ఆవిడ కునుకు కూడా ఒక కంటితోనే.

"గొంతులోంచి 'ఖ' అనాలి. బెండకాయ జిగురు గొంతులో ఇరుక్కున్నట్టు."

"ఖ్."

"అది పిల్లి దగ్గు."

"మీరు సూది గుచ్చేటప్పుడే నయం. ఇంత తిట్టలేదు."

"అప్పుడు మీరు స్పృహలో లేరు."

సంపూర్ణమ్మ కళ్లు తెరవకుండానే, "వాళ్ల నాన్న కూడా అంతే," అనేది. "ఒక్క ముక్క సరిగ్గా పలికేవాడు కాదు. కానీ పాడితే కాలవ మీద పడవలవాళ్లు ఆగి వినేవాళ్లు." ఆరోన్ ఆ ఒక్క మాట కోసం ఆరు రోజులు ఎదురుచూసేవాడు. మొదట్లో ఆ మాట కోసమే. తర్వాత్తర్వాత అతనికే లెక్క తప్పింది.

అతను చేసిన మోసం ఒకటుంది. శుక్రవారం దీపాలకు ముందే ఫ్యాను రెగ్యులేటర్‌ను అయిదు మీద పెట్టేవాడు. అయిదు మీద తెర కాస్త ఎగురుతుంది. మూడు వారాల తర్వాత యెమీమా తెర కింది అంచుకు నాలుగు ఇనుప బోల్టులు కుట్టింది.

"గాలికి చీర చిరిగిపోతోందని," అంది, ఎవరూ అడక్కుండానే.

ఆ ఫ్యానుకు ముందే ఒక చరిత్ర ఉంది. మందిరం ఎదురింటి రత్తయ్య ఆ గాలికి మెడ పట్టేస్తోందన్నాడు. మాస్టారు మిగతావాళ్లకు ఉక్కపోస్తోందన్నారు. మాటా మాటా పెరిగి రత్తయ్య ఆరేళ్లుగా మందిరంలో అడుగుపెట్టలేదు. కిటికీ తలుపు మాత్రం తీసే ఉంచుతాడు. పాట వచ్చినప్పుడు లోపల నుంచి సన్నగా గొంతు కలుపుతాడు. మాస్టారు విననట్టు నటిస్తారు.

సెప్టెంబరులో ఒక శనివారం, పొద్దుటి ప్రార్థన అయి ఇళ్లకు వెళుతుండగా వాన పట్టుకుంది. యెమీమా కాలవ వంతెన మీద ఉంది. ఆరోన్ మందిరం మూల నుంచి గొడుగు లాక్కుని పరుగెత్తి ఆమె మీద పట్టాడు. ఆమె పక్కకు తప్పుకుంది. అతను మళ్లీ పట్టాడు. ఆమె మళ్లీ తప్పుకుంది.

"నామీద కోపమా?"

"షబ్బాత్ రోజు గొడుగు తెరవకూడదు. డేరా వేసినట్టు లెక్క."

"తెరిచింది నేను కదా. మీరు కింద నిలబడితే చాలు."

"అది ఇంకా తప్పు," అంది యెమీమా. నీళ్లు ఆమె కనురెప్పల మీద నుంచి కారుతున్నాయి. "తెలిసి తెలిసి మీ చేత చేయించుకున్నట్టు."

ఆరోన్ గొడుగు ముడిచేశాడు.

"మీరెందుకు తడవడం?"

"మీరు తడుస్తుంటే నేనొక్కణ్ణే డేరాలో ఉంటే బాగుండదు."

ఇద్దరూ ఇంటిదాకా తడుస్తూనే నడిచారు. తొందరపడి ఎవరూ నడవలేదు. వాకిట్లో సంపూర్ణమ్మ ముడిచిన గొడుగునూ, నీళ్లు కారుతున్న ఇద్దర్నీ చూసింది. తువ్వాళ్లు రెండు విసిరింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

* * *

నవంబరులో యెమీమా అతనికి నాలుగో నోటుపుస్తకం ఇచ్చింది. "ఇందులో హీబ్రూ లేదు. తాతయ్య మన పద్ధతులన్నీ తెలుగులో రాశాడు. హాయిగా చదువుకో," అంది.

బుధవారం మధ్యాహ్నం మొగల్రాజపురంలో ఒక అపార్ట్‌మెంట్ పైన, లిఫ్టు మోటారు గదిలో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆరోన్ ఆ పుస్తకం తెరిచాడు. పెళ్లిళ్లు, పుట్టుకలు అన్న చోటికి వచ్చాడు. యోవేలు తాతయ్య గుండ్రటి అక్షరాల్లో ఇలా రాశారు: బిడ్డ తల్లిని బట్టి యూదుడు. తండ్రి ఎవరైనా, తల్లి మన మనిషి కాకపోతే బిడ్డ మన లెక్కలోకి రాడు.

ఆరోన్ మూడుసార్లు చదివాడు. డబ్బా మూత తెరవకుండానే లేచిపోయాడు.

అతని తల్లి స్టెల్లా గుణదల అమ్మాయి. పుట్టిన దగ్గర్నుంచి మేరీమాత కొండ నీడలో పెరిగింది. ఇంటిపేరు తండ్రిదైతే మిగతావన్నీ తండ్రివేనని ఇన్నాళ్లూ అనుకున్నాడు ఆరోన్. 'మనవాళ్లేనా' అని మాస్టారు అడిగింది కులం సంగతి కాదని ఇప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం పటమటలో స్టెల్లా స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఆరోన్ వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చున్నాడు. చెప్పాడు.

స్టెల్లా మిషను ఆపింది. "మీ నాన్న అన్నాడు ఒకసారి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు. పిల్లాడు నీ లెక్కలోకే వస్తాడు స్టెల్లా, నా లెక్కలోకి రాడు అని. తమాషాకి అంటున్నాడనుకున్నా."

"ఇప్పుడేం చెయ్యను అమ్మా?"

"నన్నడిగితే ఎట్లా? నాకు చెప్పి మొదలుపెట్టావా?" అంది స్టెల్లా. దారం కొరికింది. "అక్కడ ఎవరో అమ్మాయుంది కదా?"

"నీకెవరు చెప్పారు?"

"ప్రార్థనకి వెళ్లడానికి శుక్రవారం శుక్రవారం అంత నున్నగా గడ్డం గీసుకునేవాణ్ణి నేనెక్కడా చూళ్లేదు."

* * *

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఇంకా నాలుగైదు నెలలు పదో మాట దగ్గర నిలబడితే మాస్టారి పదకొండు నెలలు పూర్తవుతాయి. ఆ తర్వాత మెల్లగా యెమీమా గురించి అడగొచ్చు. బందరు రోడ్డు పొడుగునా ఆరోన్ ఇదే అనుకున్నాడు. గట్టుపాలెం మలుపు తిరిగేసరికి, తను ఆ గదిలో నిలబడి ఆమెన్ అనలేడని అర్థమైపోయింది.

మాస్టారు వాక్యం మొదలుపెట్టారు. తొమ్మిదో మాట పక్కాయన మీద పడింది. మాస్టారు తన ముందుకు వచ్చేసరికి ఆరోన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నామీద వెయ్యకండి మాస్టారూ. నేను రాను ఆ లెక్కలోకి."

అందరూ తిరిగి చూశారు. తెర అవతల గుసగుసలు ఆగిపోయాయి.

"మా అమ్మది గుణదల. ఆర్‌సీఎం, రోమన్ కాథలిక్. మీరు మొదటి రోజు అడిగినప్పుడు నాకు ప్రశ్న అర్థం కాలేదు. మొన్న తాతయ్యగారి పుస్తకంలో చదివాను. తెలిసి చెయ్యలేదండి. కానీ ఇన్ని వారాలూ మీ నాన్నగారి ప్రార్థన..." 

మాస్టారు నేలవైపు చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు. అలసట కనబడింది.

"నేను సరిగ్గా అడగలేదు," అన్నారు. "తెలుగు మాస్టార్ని. ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలియాలి." తొమ్మిదిమంది వైపు తిరిగారు. "ఇవాళ కద్దీష్ లేదు. మిగతాది మొదలుపెడదాం. కూర్చో బాబూ."

ఆరోన్ వెనక బల్ల మీద కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యీ అవకుండానే యెమీమా విసవిసా నడిచి వెళ్లిపోయింది. ఆరోన్ వంతెన దగ్గర అందుకున్నాడు.

"మా అమ్మ సంగతికేనా కోపం?"

"మీ అమ్మ ఎవరైతే నాకేంటి?" ఆమె గిర్రున తిరిగింది. "మా నాన్నకి చెప్పావు. తొమ్మిదిమందికి చెప్పావు. ఆడవాళ్లందరూ విన్నారు. నాకు ఒక్కదానికి ముందు చెప్పాలనిపించలేదా? తెర వెనక నిలబడి, ఊళ్లో వాళ్లతోపాటు వినాలా నేను?"

ఆరోన్‌కు ఈ ప్రశ్న ఎదురవుతుందని తోచనే లేదు.

"నీకు చెబితే చెప్పలేకపోయేవాణ్ణి."

"నేనేమన్నా దాచమంటానా?"

"అనవు. కానీ నీ మొహం చూశాక నేనే దాచేసేవాణ్ణి," అన్నాడు. "ఇక్కడికి రాకుండా ఉండటం నావల్ల కాదు. నీ దగ్గరికి రాకుండా ఉండటం అసలే కాదు. అంత ఆశ ఉన్నవాడు నిజం చెప్పాలంటే నీకు దూరంగా నిలబడే చెప్పాలి."

కాలవ నీళ్ల మీద గుర్రపుడెక్క ఆకులు నెమ్మదిగా కొట్టుకుపోతున్నాయి. యెమీమా వాటినే చూస్తూ నిలబడింది.

"ఇది సారీనా, ఇంకోటా?"

"ఇంకోటే."

"ఇంకోటైతే తొమ్మిదిమంది ముందు చెప్పకపోవడమే మంచిదైంది," అంది. చున్నీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వచ్చే శుక్రవారం వస్తావా? లెక్కలో లేకపోయినా?"

"వస్తాను."

* * *

వచ్చాడు. వెనక బల్ల మీద కూర్చున్నాడు. మాస్టారు వాక్యం మొదలుపెట్టి, తొమ్మిదో మాటతో ఆగబోయారు.

గుమ్మం దగ్గర దగ్గు వినబడింది. రత్తయ్య. ఉతికిన పంచె, మెడకు చుట్టుకున్న మఫ్లరు.

"ఆ కుర్రాడు ఉన్న మర్యాద పోతుందని తెలిసి కూడా నిజం చెప్పి వెనక్కి తగ్గాడు," అన్నాడు మాస్టారిని చూడకుండా. "నేను ఒక ఫ్యాను కోసం యోవేలు బావకి ప్రార్థన లేకుండా చేస్తున్నా. సిగ్గుగా ఉంది. ఎక్కడ కూర్చోమంటావు?"

మాస్టారు తన కుర్చీ చూపించారు. ఫ్యానుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది అదే. పదో మాట రత్తయ్య మీద పడింది. ఆ రోజు ఆమెన్ కాలవ అవతలి గట్టుకు వినబడేలా వచ్చింది.

నెల తిరిగాక ఒక ఆదివారం ఆరోన్ డ్యూటీ మధ్యలో వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు. "నేను మీలో కలుస్తానండి. పద్ధతిగా. ఏం చెయ్యాలో చెప్పండి."

"వద్దు," అన్నారు మాస్టారు.

 తలుపు చాటున యెమీమా వింటోంది.

"పిల్ల కోసమైతే వద్దు. పిల్లని ఇవ్వడానికి దేవుణ్ణి అడ్డం పెట్టను."

"ఆమె కోసమే అయితే ఈపాటికి అబద్ధమే చెప్పి ఉండేవాణ్ణి కదండీ."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "అయినా వద్దు. కష్టం. శనివారం ఉద్యోగం పోవచ్చు. తిండి మారుతుంది. జనం నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"సున్తీ అని ఒక చిన్న ఆపరేషను కూడా ఉంటుంది."

ఆరోన్ పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు. "సూది ఉంటుందాండీ?"

"కత్తే ఉంటుంది. అందుకని మూడోసారి కూడా చెబుతున్నాను, వద్దు."

ఆరోన్ మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు.  "సరేనండి. ఎప్పుడో చెబితే లక్ష్మీకాంత్‌కి చెప్పి సెలవు పెట్టుకుంటాను."

మాస్టారు అప్పుడు నవ్వారు. "మూడుసార్లు పొమ్మనాలి. మా పద్ధతి. నాలుగోసారి అడిగినవాణ్ణి పొమ్మనడానికి వీల్లేదు. లోపలికి రా, మజ్జిగ తాగుదువుగాని."

* * *

మిగిలింది స్టెల్లా.

కొడుకు చెప్పినప్పుడు ఆమె అరవలేదు, ఏడవలేదు. వారం రోజులు మాట్లాడకుండా యూనిఫారాలు కుట్టింది. ఆరోన్‌కు అది ఇంకా కష్టంగా ఉంది. ఆ ఆదివారం అతను డ్యూటీలో ఉండగా యెమీమా ఒక్కతే పటమట వెళ్లి తలుపు తట్టింది.

స్టెల్లా ఆమెను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఆయన పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. ఇప్పుడు మీరు తీసుకెళ్లిపోతారు. అంతే కదమ్మా?"

"అమ్మని వదిలెయ్యమని మా పద్ధతుల్లో ఎక్కడా లేదు ఆంటీ. వదిలితే మా నాన్నే ముందు గెంటేస్తాడు."

"మాటలకేంలే." స్టెల్లా మోకాలు రుద్దుకుంది. "ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లు. ఆయన పోయిన ఏడాది తప్ప ఏ ఏడూ మానలేదు నేను. ఈ మోకాళ్లతో మెట్లు ఎక్కలేను. వాడే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు. ఇకమీదట వాడు రాడు. ఎవరెక్కిస్తారు నన్ను?"

యెమీమా కాఫీ గ్లాసు కింద పెట్టింది. అది తేలికైన ప్రశ్న కాదని ఆమెకు తెలుసు.

"నేను మొక్కను ఆంటీ. అది నావల్ల కాదు, అబద్ధం చెప్పను. కానీ మెట్లు ఎక్కిస్తాను. మీరు లోపలికి వెళ్లి వచ్చేదాకా బయట కూర్చుంటాను. మళ్లీ దించుతాను. శనివారం మాత్రం కాకుండా చూసుకోండి."

స్టెల్లా ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"ఎండగా ఉంటుంది," అంది.

"టోపీ తెచ్చుకుంటాను."

ఫిబ్రవరిలో ఆ జనంలో, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు అమ్మేవాళ్ల మధ్య, ఒక లాబ్ టెక్నీషియను ఒక దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కించింది. నలభై మెట్లకొకసారి ఆగారు. పైన స్టెల్లా మొక్కుకుని వచ్చేసరికి గంటన్నర పట్టింది. యెమీమా పిట్టగోడ మీద కూర్చునే ఉంది, చెంపలు ఎర్రగా కందాయి. దిగేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకున్నది స్టెల్లాయే.

* * *

ఏడాది గడిచింది. ఆరోన్ చదవాల్సినవి చదివాడు, ఆపరేషనూ అయింది. మరుసటి మార్చి నెలలో ముంబై నుంచి ముగ్గురు యూదు మతపెద్దలు వచ్చారు. రెండు గంటలపాటు ఆరోన్‌ను ప్రశ్నలు అడిగి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఇక సమాజంలో కలిపే మునకలకు నదికి వెళదామన్నారు.

రొయ్యూరు దగ్గర కృష్ణ నెమ్మదిగా, వెడల్పుగా పారుతోంది. మగవాళ్లు ఇసుకలో నడిచి నీళ్ల అంచుకు వెళ్లారు. ఆడవాళ్లు గట్టు మీద చెరకుతోట పక్కన ఆగిపోయారు. అక్కడ నుంచి తలలు తప్ప ఏమీ కనబడవు. స్టెల్లా కూడా వచ్చింది. రానంటుందేమోనని అందరూ భయపడ్డారు. ఆమె తెల్లారకముందే లేచి, తలస్నానం చేసి, కొత్త తువ్వాలు ఒకటి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

ఆరోన్ మూడుసార్లు మునిగాడు. మూడోసారి పైకి లేచినప్పుడు రత్తయ్య గొంతు అందరికంటే గట్టిగా వినబడింది. స్టెల్లా పెదవులు కదిలాయి. ఆమె ఏ ప్రార్థన చెప్పుకుందో ఎవరూ అడగలేదు.

కాసేపటికి ఆరోన్ బట్టలు కట్టుకుని, వణుకుతూ గట్టెక్కి వచ్చాడు. ఎవరికంటే ముందు తల్లి దగ్గరికి వచ్చి తల వంచాడు. స్టెల్లా అతని తల గట్టిగా, చిన్నపిల్లాడికి తుడిచినట్టు తుడిచింది.

"చెవుల్లో నీళ్లు ఉండిపోతాయి, వంగు," అంది. తర్వాత తువ్వాలు వెనక్కి తీసి కొడుకు ముఖాన్ని పరీక్షగా చూసింది. అదే ముఖం. ఆమె భుజాలు మెల్లగా దిగాయి.

సంపూర్ణమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది. "మే నెలలో పెట్టుకుందామా తల్లీ పెళ్లి?"

"జూన్‌లో పెట్టండి. మేలో బడి యూనిఫారాల పని ఉంటుంది," అంది స్టెల్లా. యెమీమా వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించింది. "శనివారం పొయ్యి వెలిగించరట కదా మీరు. వీడికి చల్లన్నం పడదు. జలుబు చేస్తుంది. ఎట్లా చేస్తావు మరి?"

"శుక్రవారం పొద్దుండగానే ఊకపొయ్యి దట్టించి వెలిగిస్తాం. దాని మీద పెడితే మర్నాడు మధ్యాహ్నందాకా వేడిగానే ఉంటుంది," అంది యెమీమా. ఆగి, ఆ మాటను మొదటిసారి నోట్లోకి తెచ్చుకుంది. "మీరే వచ్చి చూద్దురుగాని అత్తయ్యా."

స్టెల్లా తడి తువ్వాలు మడిచి చేతికి వేసుకుంది. "ఈ శుక్రవారం వస్తా. ఊక సరిగ్గా దట్టించకపోతే పొగ వస్తుంది, నేను చూపిస్తాలే," అంటూ కోడలి భుజం పట్టుకుని ఇసుకలో జాగ్రత్తగా అడుగు వేసింది.